సెషన్ పోయిందంటే తప్పు మీది కాదు

సంపాదకులకు,

ఆన్‌లైన్ దరఖాస్తు నాలుగో పేజీ దాకా నింపాక ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’ అని వస్తే, తామే ఆలస్యం చేశామని చాలామంది బాధపడతారు. పద్నాలుగేళ్లుగా జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో అలాంటి అప్లికేషన్లు రాస్తున్నాను. ఆ తప్పు మాది.

బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి అయిన హెచ్‌టీటీపీకి ఒక క్లిక్‌కీ తర్వాతి క్లిక్‌కీ సంబంధం తెలియదు. అందుకని సర్వర్ మన వివరాలను తన మెమరీలో ఉంచుకుని (దీన్నే సెషన్ అంటాం), వాటి గుర్తును మాత్రం జేసెషన్‌ఐడీ అనే కుకీలో బ్రౌజర్‌కి ఇస్తుంది. టామ్‌క్యాట్ అనే జావా సర్వర్‌లో సెట్టింగ్ మార్చకపోతే, 30 నిమిషాలు ఏ క్లిక్కూ రాకుంటే ఆ సెషన్ ముగిసిపోతుంది.

ఈ అప్లికేషన్లను పొరలుగా కడతాం: పైన బ్రౌజర్‌తో మాట్లాడే వెబ్, మధ్యలో అసలు లెక్కలు చేసే సర్వీస్, అడుగున డేటాబేస్ కోడ్. సెషన్ వెబ్ పొర దాటకూడదు. ఒక ప్రాజెక్టులో తొందరపడి ఆ సెషన్ ఆబ్జెక్టునే సర్వీస్ మెథడ్‌లకు పంపేశాం. తర్వాత అదే లెక్కను రాత్రిపూట దానంతటదే నడిచే బ్యాచ్ జాబ్‌లో నడపాల్సి వచ్చింది. అక్కడ బ్రౌజరే లేదు, సెషన్ ఎక్కడిది? లేని వస్తువును వాడబోతే వచ్చే నల్ పాయింటర్ ఎర్రర్‌తో జాబ్ ఆగిపోయింది.

దాన్ని సరిచేయబోయి ఇంకా పెద్ద తప్పు చేశాం. సర్వర్‌లో ఒక్కో క్లిక్ పనిని ఒక్కో థ్రెడ్ చేస్తుంది; ఆ థ్రెడ్ సొంత అర లాంటి థ్రెడ్‌లోకల్‌లో యూజర్ వివరాలను పెట్టి, పనయ్యాక తీసేయడం మరిచాం. సర్వర్ ఒకరి పని ముగిశాక అదే థ్రెడ్‌ను ఇంకొకరికి ఇస్తుంది. సెషన్ ముగిసిపోయిన ఒకావిడకు వేరేవాళ్ల పేరు, చిరునామా తెర మీద కనిపించాయి. టెస్టింగ్‌లో ఒక్కొక్కరమే వాడి చూశాం కాబట్టి మాకు దొరకలేదు. ఆవిడ ఫోన్‌లో “మరి నా వివరాలు ఎవరికి కనిపిస్తున్నాయి?” అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పని ఎలా ముగిసినా చివర్లో నడిచే ఫైనల్లీ బ్లాకులో, ఆ వివరాలను తీసేసే ఒక్క రిమూవ్ లైన్ రాసి ఉంటే సరిపోయేది.

టైమ్‌అవుట్, అంటే ఆ 30 నిమిషాల గడువు, పెంచితే చాలదా అని మేనేజర్లు అడుగుతుంటారు. చాలదు. సెషన్‌ను మెమరీలోనే ఉంచితే, సర్వర్ రీస్టార్ట్ అయినా, క్లిక్‌లను పలు సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ మనల్ని వేరే సర్వర్‌కి పంపినా అది దొరకకపోవచ్చు. పైగా ఒకే బ్రౌజర్‌లో రెండు ట్యాబ్‌లలో రెండు దరఖాస్తులు తెరిస్తే రెండింటికీ సెషన్ ఒకటే. ఒకదాని వివరాలు ఇంకోదాంట్లో పడవచ్చు.

సెషన్‌లో లాగిన్ అయినది ఎవరో ఉంటే చాలు. కింది పొరలకు యూజర్ ఐడీ, దరఖాస్తు నంబరు మామూలు పారామీటర్లుగా పంపాలి. నింపిన ప్రతి పేజీనీ డేటాబేస్‌లో డ్రాఫ్ట్‌గా దాచాలి. అప్పుడు సెషన్ పోయినా, మళ్లీ లాగిన్ అయ్యి నాలుగో పేజీ నుంచే మొదలుపెట్టవచ్చు.

తోటి ప్రోగ్రామర్లను ఒకటి కోరుతున్నాను. రేపు ఆఫీసుకి వెళ్లగానే మీ సర్వీస్ ప్యాకేజీల్లో హెచ్‌టీటీపీసెషన్ (ఆ సెషన్ ఆబ్జెక్టు రకం) ఇంపోర్ట్ ఎన్ని చోట్ల ఉందో వెతకండి. ఇక దరఖాస్తు మధ్యలో పోగొట్టుకున్న పాఠకులు, ఏ పేజీలో, ఏ సమయానికి ఆగిందో రాసి ఆ సైట్ వాళ్లకు ఫిర్యాదు పంపండి. సర్వర్ తన పనులను నమోదు చేసే లాగ్ ఫైల్‌లో మేం వెతకాల్సిన చోటు దానితోనే తెలుస్తుంది.

— ఒక జావా ప్రోగ్రామర్