ఏ తుపాకీ అని అడిగేముందు ఇంట్లో ఎవరెవరున్నారో చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో మనవాళ్ల ఇళ్లల్లో బంగారం కోసం జరుగుతున్న దొంగతనాల గురించి మీరు వేసిన వార్తను మా అమ్మ కడపలో చదివి, ఆ పేజీ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపింది. కింద 'మీరు కూడా ఒక తుపాకీ కొనిపెట్టుకోకూడదా అమ్మా' అని రాసింది. మేం కొని నాలుగేళ్లయింది, భయపడుతుందని ఇన్నాళ్లూ చెప్పలేదు. అమ్మకు ఫోన్‌లో చెప్పిన సంగతులే, ఇక్కడ పిల్లలున్న తల్లిదండ్రులు మీ పత్రికలో చదువుతారు కదా అని మీకూ రాస్తున్నాను.

మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో. మా వీధి చివరి ఇంట్లో వరలక్ష్మీ వ్రతం వారంలో దొంగలు పడ్డారు. అమ్మవారికి పెట్టిన నగలు బ్యాంకు లాకర్‌కు తిరిగి వెళ్లకముందే పోయాయి. మరునాటి నుంచి మా కాలనీ వాట్సాప్ గ్రూప్ నిండా తుపాకుల ఫోటోలే. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. ఆసియా, భారతీయ కుటుంబాల ఇళ్లే ఎంచుకుని 2011 నుంచి 2014 వరకు జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సస్‌లలో ఆయుధాలతో చొరబడి దోచుకున్న ఒక ముఠా నాయకురాలికి 2019లో మిషిగన్‌లోని ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల జైలుశిక్ష వేసింది. మన ఇళ్లల్లో బంగారం ఉంటుందని వాళ్లకు తెలుసు. మా ఆయన నెలలో పది రోజులు ఊళ్లో ఉండరు, ఇద్దరు చిన్నపిల్లలతో నేనే ఉంటాను, నాకూ నిద్ర పట్టలేదు.

అందుకే తుపాకీ వద్దు అని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మనవాళ్లు కొనే పద్ధతే నాకు బాధగా ఉంది. ఎవరో గ్రూప్‌లో పెట్టిన మోడల్, ఎవరి భర్తో కొన్న మోడల్, అంతే.

మేం వెళ్లిన మొదటి షాపులో కౌంటర్ దగ్గరున్నాయన నన్ను చూడగానే అరచేతిలో పట్టేంత చిన్న రివాల్వర్ తీసి, ఆడవాళ్లకు ఇదే సరిపోతుందన్నాడు. అది చాలా తప్పు సలహా అని రేంజ్‌లో, అంటే తుపాకీ కాల్చడం నేర్పే చోట, క్లాసుకు వెళ్లాకే తెలిసింది. తుపాకీ ఎంత చిన్నగా, తేలిగ్గా ఉంటే కాల్చినప్పుడు చేతిని అంత గట్టిగా తన్నుతుంది. ఆ చిన్న రివాల్వర్ ట్రిగ్గర్ లాగడానికి చాలా బలం కావాలి, లాగేలోపు గురి పక్కకు పోతుంది. పూర్తి సైజు 9 ఎంఎం పిస్టల్ బరువుగా ఉండటం వల్లనే కుదుపు తగ్గుతుంది, నాకు గురి అందులోనే కుదిరింది. ఒక్కసారికి చాలా గుళ్లు వదిలే పొడవైన తుపాకీ, 12 గేజ్ షాట్‌గన్ కూడా పట్టుకున్నాను, రెండోసారి కాల్చేసరికి భుజం వాచింది. దానికంటే సన్న గొట్టం ఉండే 20 గేజ్ కొంచెం నయం, కానీ అంత పొడవు తుపాకీ పట్టుకుని ఒక చేత్తో పాపను ఎత్తుకోవడం, పోలీసుల కోసం 911కు ఫోన్ చేయడం నావల్ల కాదనిపించింది. ఏఆర్-15 రైఫిల్ అయితే కుదుపు తక్కువ, గురి సులువు అని చాలామంది చెబుతారు, ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ అది కూడా పొడవైనదే, మూసిన గదిలో ఏ తుపాకీ శబ్దమైనా చెవులకు దెబ్బే, దీనిది ఇంకా ఎక్కువ, మంచం పక్కన తాళంలో పెట్టి క్షణాల్లో తీయడం పిస్టల్ అంత సులువు కాదు. నాలుగైదు పిస్టళ్లు రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చి చూశాకే కొన్నాం. తన చేత్తో కాల్చి చూడని తుపాకీని ఎవరూ కొనకూడదనే నేను చెబుతాను.

గోడల సంగతి ఊళ్లో ఉన్నవాళ్లకు ఊహకు అందదు. మా జేజినాయనకు లైసెన్సున్న జంట గొట్టాల తుపాకీ ఉండేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని గోనెసంచిలో చుట్టి పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు, నేను సైకిల్ వెనక కూర్చుని వెళ్లేదాన్ని. ఆ ఇంటి గోడలు మూరెడు మందం రాతిగోడలు. ఇక్కడ ఇంట్లో గదికీ గదికీ మధ్య చెక్క ఫ్రేముకు రెండు వైపులా అర అంగుళం జిప్సమ్ బోర్డు కొట్టి ఉంటుంది, అంతే. పిస్టల్ గుండు ఆ గోడను దాటి, పక్క గదిలోకి, అక్కడి నుంచి ఇంకో గదిలోకి పోతుంది. షాట్‌గన్‌లో వేసే పెద్ద గుళ్లు, బక్‌షాట్ కూడా ఆగదు. పోలీసులు వాడే, మొన బోలుగా ఉండే హాలో పాయింట్ తూటాలు సాధారణంగా మనిషి ఒంట్లో విచ్చుకుని ఆగుతాయి గానీ, గురి తప్పి గోడకు తగిలితే అవీ అవతలికి పోతాయి. ఇంట్లో గోడకు ఆగిపోయి, దొంగను మాత్రం ఆపే తూటా అంటూ ఏదీ లేదు. కాబట్టి కొనేముందు మేం ఒక సాయంత్రం ఇల్లంతా తిరిగి, నేను ఎక్కడ నిలబడితే ఎటు కాల్చవచ్చో, ఆ గోడ వెనక ఎవరి మంచం ఉందో చూసుకున్నాం. పైన మా గది తలుపు దగ్గర నుంచి మెట్ల వైపు చూస్తే, మెట్ల అడుగున ఉన్న గోడ వెనకే మా అత్తయ్య, మావయ్య పడుకునే గది. ఆ సాయంత్రం తర్వాత మా ప్లాన్ మొత్తం మారిపోయింది. వాళ్లకు పైన గది ఇచ్చాం. ఏ చప్పుడు వినబడినా అందరం ఒకే గదిలో చేరి, తలుపు గడియపెట్టి, 911కు ఫోన్ చేసి, పోలీసులు వచ్చేదాకా అక్కడే ఉంటాం. దొంగ కోసం కిందికి దిగి వెతకడం లేదు, కింద ఏం పోయినా పోనీ.

మావయ్య గారి గురించి ఇంకో మాట చెప్పాలి. ఇండియా నుంచి వచ్చిన మొదటి రెండు వారాలు ఆయనకు రాత్రి నిద్ర ఉండదు, మూడింటికి లేచి, మమ్మల్ని లేపకూడదని లైటు వేయకుండా వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగుతారు. అమెరికాలో ప్రతి తెలుగు ఇంట్లోనూ అమ్మానాన్నలు వచ్చినప్పుడు జరిగేదే ఇది. అర్ధరాత్రి చీకట్లో మన ఇంట్లో తిరిగే మనిషి దొంగ అయ్యే అవకాశం కంటే మన మనిషే అయ్యే అవకాశం ఎక్కువ. తుపాకీ కంటే ముందు మంచి టార్చిలైటు కొనాలనేది నేను ఎవరికైనా మొదట చెప్పే మాట. ముందు వెలుతురు, ఆ తర్వాత పేరుపెట్టి పిలవడం, ముఖం కనబడేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు.

తాళం విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. లైసెన్సున్న డీలర్ పిస్టల్ అమ్మితే దాంతోపాటు తాళమో లాక్‌బాక్సో ఇచ్చి తీరాలని ఫెడరల్ చట్టం. ఆ తాళం కవరు కూడా విప్పకుండా డ్రాయర్‌లో పడి ఉన్న ఇళ్లు నేనే చూశాను. 'పైన బీరువాలో ఉంది, పిల్లలకు తెలియదు' అంటారు. పిల్లలకు దీపావళికి దాచిన స్వీట్ల డబ్బా ఎక్కడుందో తెలిసినప్పుడు అది మాత్రం ఎందుకు తెలియదు? టెక్సస్‌లో లోడ్ చేసిన తుపాకీని అజాగ్రత్తగా వదిలేసి, అది 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే అది నేరం. అమెరికాలో 2020 నుంచి ఏడాది నిండిన పిల్లల నుంచి 19 ఏళ్ల వరకు ఉన్నవాళ్ల మరణాల్లో మొదటి కారణం తుపాకులే. మాది నాలుగు బటన్లున్న చిన్న ఇనుప పెట్టె, అల్మారా అడుగుకు బోల్టులతో బిగించి ఉంది, కోడ్ మా ఇద్దరికే తెలుసు.

ఇప్పుడు వీసా. వీలైతే దీన్ని పెద్ద అక్షరాలతో వేయండి. ఎఫ్-1 (చదువు), హెచ్-1బి (ఉద్యోగం), హెచ్-4 (వాళ్ల భార్యాభర్తలు, పిల్లలు), బి-2 (చూసిపోవడానికి వచ్చేవాళ్లు) లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. అమెరికా ఫెడరల్ చట్టాల్లో 18వ టైటిల్, 922 సెక్షన్, (జి)(5). శిక్ష 15 ఏళ్ల దాకా ఉంటుంది, దేశం నుంచి పంపించేయవచ్చు కూడా. సొంతంగా కొనడం ఒక్కటే నేరం అనుకుని, వారాంతంలో రేంజ్‌కు వెళ్లి అద్దె తుపాకీ కాల్చి ఫోటోలు పెట్టే పిల్లలున్నారు. అద్దెకు పట్టుకోవడం కూడా పట్టుకోవడమే. హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకు చట్టంలో మినహాయింపు ఉన్న మాట నిజం, అయితే దాని మీద ఆధారపడేముందు లాయర్‌ను అడగాలి గానీ రూమ్మేట్‌ను కాదు. సిటిజన్ స్నేహితుడితో అతని పేరు మీద కొనిపించుకుంటే ఇద్దరూ ఇరుక్కుంటారు, కొనేవాడు షాపులో నింపే 4473 ఫారంలో తనకోసమే కొంటున్నానని అబద్ధం రాసినట్టే. అన్నకు గ్రీన్‌కార్డు ఉండి, అదే ఇంట్లో తమ్ముడు ఎఫ్-1 మీద ఉంటే, అన్న కొనవచ్చు, కానీ పెట్టె కోడ్ తమ్ముడికి తెలియకూడదు. హంటింగ్ తుపాకీ పేలి మన విద్యార్థి చనిపోయిన వార్త మీ పత్రికలోనే చదివి నేను రోజంతా ఏడ్చాను.

ఇంకొకటి, మనవాళ్లు మాట్లాడుకోనిది. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోయారు. వాళ్లలో 26,328 మంది తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్లు. ఉద్యోగం పోయి, హెచ్-1బి వీసా నిలవాలంటే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాల్సిన టెన్షన్‌లో ఉన్నవాళ్లు మనలో ఎందరో ఉన్నారు, ఇంటికి ఫోన్ చేసి అంతా బాగుందనే చెబుతారు. ఇంట్లో అలాంటి మనిషి ఉన్నప్పుడు తుపాకీ కొనవద్దు, ఉంటే కొన్నాళ్లు ఇల్లు దాటించేయండి. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకు సాయం చేసే 988కు ఫోన్ చేస్తే రాత్రి ఏ వేళకైనా మాట్లాడతారు.

బంగారం చాలావరకు లాకర్‌లోనే పెట్టండి. చాలా ఇంటి ఇన్సూరెన్సుల్లో నగల దొంగతనానికి విడిగా కట్టకపోతే 1,500 డాలర్లకు మించి రాదు. వీధి తలుపు గడియ పడే ఇనుప పలక మరలు విప్పి మూడంగుళాల మరలు వేయిస్తే, ఒక్క తన్నుకు తలుపు ఊడదు. ఈ రెండూ మేం తుపాకీ కొన్నాక చేశాం, ముందే చేయాల్సింది.

మీ పాఠకుల్లో ఎవరి పిల్లలైనా ఇక్కడ చదువుకుంటుంటే, ఈ ఆదివారం వీడియో కాల్‌లో 'మీ గదిలో ఎవరి దగ్గరైనా తుపాకీ ఉందా' అని నేరుగా అడగమనండి. మా అమ్మ నన్ను ఆ తర్వాత అడిగింది కూడా అదే, 'పెట్టె తాళం వేసే ఉందా?' అని. నేను ఫోన్ పట్టుకునే పైకి వెళ్లి చూసి చెప్పాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఫ్రిస్కో, టెక్సస్