నవంబరు ఒకటిని సగమే వేశారు

సంపాదకులకు నమస్కారం.

మా ఇల్లు కాకినాడలో ఓ హైస్కూలు ప్రహరీని ఆనుకుని ఉంటుంది. పొద్దున్నే ప్రార్థన మైకే మాకు అలారం. నవంబరు ఒకటిన ఎవరో ఎనిమిదో తరగతి అమ్మాయి మీ పత్రికలో వచ్చే ‘చరిత్రలో ఈ రోజు’ చదువుతుంటే కాఫీ తాగుతూ విన్నాను. 1512లో సిస్టీన్ చాపెల్ పైకప్పు మీద మైఖెలాంజెలో వేసిన బొమ్మలు జనానికి చూపించారు. 1755లో లిస్బన్ భూకంపం. 1956లో ఆంధ్ర రాష్ట్ర అవతరణ. 1973లో ఐశ్వర్యారాయ్ పుట్టింది. అయిపోయింది, జనగణమన మొదలైంది. సిస్టీన్ దగ్గర ఆ పిల్ల, పాపం, మూడుసార్లు తడబడింది.

ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినవాణ్ని, ఊరుకోలేను కదా. పేపరు తీసి చూశాను. పిల్ల తప్పేం లేదు, అచ్చులోనే అలా ఉంది.

ముందు చిన్న తప్పు సంగతి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న, కర్నూలు రాజధానిగా. 1956 నవంబరు 1న వచ్చింది ఆంధ్రప్రదేశ్. హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు కలిసింది అప్పుడు. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న మద్రాసులో ప్రాణం వదిలింది మొదటిదాని కోసం. ఈ రెండింటినీ కలిపేసి రాసిన జవాబులు దిద్దీ దిద్దీ ఎన్ని ఎర్ర పెన్నులు అరగదీశానో నాకే తెలియదు. పేపర్లోనే అలా వస్తే పిల్లల్ని ఏమనగలం?

పెద్ద బాధ వేసింది అచ్చయిన తప్పుకి కాదు, అసలు అచ్చు కానివాటికి.

మా ఊరి నుంచి బస్సెక్కితే గంటలోపే యానాం వస్తుంది. అది ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉండేది. యానాం వాళ్లు 1954 జూన్‌లోనే ఫ్రెంచి పాలనని తోసిపారేశారు. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం నాలుగింటి పాలననీ ఫ్రాన్స్ మన దేశానికి అప్పజెప్పింది మాత్రం ఆ ఏడాది నవంబరు ఒకటిన. అక్కడ ఆ రోజు సెలవు, జెండా పండగ. లిస్బన్ కనిపించిన కాలమ్‌లో యానాం కనిపించలేదు.

ఇక విశాఖపట్నం. 1966లో నాకు ఆరేళ్లు. మా వీధి చివర గోడ మీద ఎవరో బొగ్గుతో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని నిలువెత్తు అక్షరాల్లో రాశారు. క కింద క వత్తు ఎలా పెట్టాలో నేను పలక మీద కంటే ముందు ఆ గోడ మీదే నేర్చుకున్నాను. ఐదో ఉక్కు కర్మాగారానికి విశాఖే అనువైన చోటని నిపుణుల బృందం చెప్పినా, ఢిల్లీ నాన్చుతూ వచ్చింది. అక్టోబరు 15న టి. అమృతరావు గారు విశాఖలో నిరాహార దీక్షకి కూర్చున్నారు. విద్యార్థులు రోడ్ల మీదకొచ్చారు. నవంబరు ఒకటిన పోలీసులు తుపాకులు పేల్చారు, మనుషులు చచ్చిపోయారు. ఆంధ్రప్రదేశ్‌కి సరిగ్గా పదేళ్లు నిండిన రోజు అది. ఉద్యమం మొత్తం మీద 32 మంది పోయారని ఇప్పటికీ చెప్పుకుంటారు. కర్మాగారం ఇస్తామని ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించింది 1970 ఏప్రిల్‌లో, శంకుస్థాపన చేసింది 1971 జనవరిలో.

ఆ కాల్పుల గురించి మీ కాలమ్‌లో ఒక్క ముక్క లేదు. జిల్లా పేజీ కూడా తిరగేశాను. అక్కడా లేదు.

ఒకే తేదీన పడ్డవన్నీ కాకతాళీయమే అన్నట్టు వరస పెట్టి వేస్తే ఇంకో చిక్కు కూడా ఉంది. 1956లో ఆంధ్రప్రదేశ్‌తో పాటు కేరళ, మధ్యప్రదేశ్ కూడా అదే రోజు పుట్టాయి, ఇప్పటి కర్ణాటక కూడా మైసూరు పేరుతో అదే రోజు కొత్త రూపు తీసుకుంది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ఆ రోజు నుంచి అమల్లోకి రావడమే కారణం. హర్యానా 1966లో, ఛత్తీస్‌గఢ్ 2000లో అదే తేదీన రావడం వేరే కథ. ‘ఒకే చట్టం’ అని రెండు మాటలు చేరిస్తే పిల్లలకి ఈ తేడా తెలుస్తుంది. అన్నట్టు, మనం అవతరణ దినం అనుకున్న ఆ తేదీనే తెలంగాణలో ఏళ్ల తరబడి విద్రోహ దినంగా పాటించి నల్ల జెండాలు ఎగరేశారు. అదీ ఆ తేదీ చరిత్రే. నచ్చినా నచ్చకపోయినా వేయాలి.

లిస్బన్‌ని తీసేయమనడం లేదు. ఊరికి ఊరే నేలమట్టమైన సంగతి అది, ఉండాల్సిందే. ఐశ్వర్యారాయ్ గురించి నేను మాట్లాడను, మా ఆవిడ చదువుతుంది. నేను అడిగేది ఒకటే. ఎక్కడినుంచో దించిన జాబితా కాకుండా రోజుకి కనీసం ఒక్క సంగతైనా మన నేలది ఉండాలి, అది ఎందుకు జరిగిందో ఒక వాక్యం ఉండాలి. మీకు ప్రతి మండలంలో విలేకరి ఉన్నాడు, ఆఫీసులో పాత పేపర్ల కట్టలున్నాయి. అడగాలేగానీ మాలాంటి రిటైర్డ్ మేష్టార్లు ఊరికే రాసిపెడతారు.

నవంబరు 19 దగ్గరికొచ్చింది. ఇందిరాగాంధీ పుట్టినరోజు ఎలాగూ వేస్తారు. 1977లో అదే రోజు దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి వేల మందిని మింగేసింది. ఆ అమ్మాయి మైకులో అది కూడా చదువుతుందేమోనని ఆ రోజు కాఫీ గ్లాసు పట్టుకుని గోడ దగ్గరే నిలబడతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచరు,
కాకినాడ