డౌహిల్ దయ్యాలకు కాస్త విశ్రాంతి ఇప్పించండి

డార్జిలింగ్ జిల్లా మేజిస్ట్రేట్ గారికి నమస్కారాలు.

విజయవాడ నుంచి మీ జిల్లాలోని కొండ ఊరు కర్సియాంగ్ చూడటానికి వచ్చాం. జీపు ఎక్కామో లేదో, డ్రైవరు తలలేని కుర్రాడి కథ అందుకున్నాడు. ఊరి పైనున్న డౌహిల్ కొండ దారిన నడుస్తూ నడుస్తూ చెట్లలో మాయమవుతాడట. చలికాలం సెలవుల్లో విక్టోరియా బాలుర పాఠశాల వరండాల్లో అడుగుల చప్పుడు వినిపిస్తుందట. వినిపించదా మరి! పొగమంచు కమ్మితే ధూపీ అనే ఎత్తైన సూదాకుల చెట్ల కొమ్మల నుంచి నీళ్లు టపటపా రాలుతూనే ఉంటాయి. నేనే రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.

కథల మీద నాకు కోపం లేదు. చింతచెట్టు దయ్యాల కబుర్లు వింటూ పెరిగినవాడినే. కానీ ఆ బడి 1879లో, ఆష్లీ ఈడెన్ బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరుగా ఉన్నప్పుడు మొదలైంది. మరుసటి ఏడాదే ఊరికి రైలొచ్చింది. 1936లో సుభాష్ చంద్రబోస్‌ను నిర్బంధించిన ఇల్లు ఇక్కడి గిద్దాపహాడ్‌లోనే ఉంది. వీటి గురించి డ్రైవరు ఒక్క ముక్క చెప్పలేదు.

పైగా అది ఇప్పటికీ పిల్లలు చదువుకునే బడి. మేము వెళ్లిన సాయంత్రం ఒక గుంపు ఫోన్లు పైకెత్తి గేటు ముందు కేకలు పెడుతోంది. చీకటి పడ్డాక ఆ సందడి ఆపించండి. దారి మొదట్లో నేపాలీ, బెంగాలీ, హిందీ భాషల్లో ఒక చరిత్ర ఫలకం పెట్టించండి. అందులో తలలేని కుర్రాడికీ ఒక వాక్యం ఇస్తే నాకేమీ అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక తెలుగు యాత్రికుడు