శీనుగాడికి, నువ్వడిగిన కత్తి గురించి

ఒరేయ్ శీను,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. వికారాబాద్ దగ్గర కొన్న రెండెకరాలూ కంప పట్టిపోయిందని, అమెరికా నుంచి మంచి మషెటీ (కంప కొట్టే పొడుగాటి కత్తి) ఒకటి తెమ్మని, దానికో తోలు ఒర కూడా ఉంటే అదిరిపోతుందని అడిగావు కదా. తేనురా. 18 అంగుళాల కత్తి పెట్టెలో పెట్టుకుని శంషాబాద్‌లో దిగి కస్టమ్స్ వాళ్ళకి "సార్, ఇది గడ్డి కొట్టుకోవడానికి" అని సంజాయిషీ చెప్పుకునే ఓపిక నాకు లేదు. పైగా నువ్వడిగింది నీ చేలో సగం పనికే పనికొస్తుంది. ఎందుకో చెప్తా, టీ పెట్టుకుని కూర్చో, కాస్త పొడుగు ఉత్తరమే ఇది.

నా దగ్గరున్నది ట్రమొంటీనా, బ్రెజిల్ వాళ్ళది, 1911 నుంచి ఉన్న కంపెనీ. అలుగు, అంటే కత్తి రేకు, మందం రెండు మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ, అంతే. చేతిలోకి తీసుకుంటే "ఇదేంట్రా, రేకు ముక్కలా ఉంది" అంటావు. దాని బలమంతా ఆ పల్చదనంలోనే ఉంది. పచ్చి తీగ, రెల్లు, లేత కొమ్మ లాంటివి బరువుకి తెగవు, వేగానికి తెగుతాయి. మందపాటి కత్తితో కొడితే అవి పక్కకి ఒరిగి మళ్ళీ లేచి నిలబడతాయి. ఇక్కడ హ్యూస్టన్‌కి ఉత్తరాన అడవుల్లో ముళ్ళ తీగ ఒకటి అల్లుకుపోతుంది, గ్రీన్‌బ్రయర్ అంటారు, దాన్ని ఈ పల్చటి కత్తి ఊరికే మణికట్టు తిప్పితే కోసేస్తుంది. అదే కత్తిని ఎండిన గట్టి చెక్క మీద వేశావనుకో, సగం దిగి ఇరుక్కుంటుంది, దాన్ని ఊడబీకడానికి నీ భుజం పోతుంది.

అమెరికాలోనే కనెక్టికట్‌లో కాలిన్స్ అని ఒక కంపెనీ ఉండేది, 1826లో పెట్టి 1966లో మూసేశారు. గొడ్డళ్ళతో పాటు లాటిన్ అమెరికాకి మషెటీలు తెగ పంపేవాళ్ళు, వాళ్ళ కేటలాగుల్లో ఎన్ని రకాల ఆకారాలో చూస్తే తల తిరుగుతుంది. చెరకు కొట్టేవాడికి ఒకటి, కొబ్బరి కొట్టేవాడికి ఇంకొకటి, ఏ దేశం రైతు ఎలా అడిగితే అలా. కాబట్టి అన్నిటికీ పనికొచ్చే ఒక్క కత్తి అని ఎవడైనా అమ్ముతుంటే నమ్మకు.

ఇప్పుడు నీ పొలం సంగతి. నువ్వు పంపిన ఫోటోలో నాకు ఎక్కువగా కనబడింది సర్కారు తుమ్మ. అది మహా గట్టి చెక్క, పైగా కొట్టిన మొదలు నుంచి మళ్ళీ గుత్తులు గుత్తులుగా చిగురేస్తుంది. మణికట్టుకన్నా లావున్న కాండాల మీదకి ఏ మషెటీతోనూ వెళ్ళకు, గొడ్డలో, రంపమో, వేళ్ళతో సహా పోవాలంటే జేసీబీయో. వేలి లావు నుంచి బొటనవేళ్ళు రెండు కలిపినంత లావు వరకు ఉన్న కొమ్మలకి మాత్రం బరువు ముందుకి ఉండే కత్తి కావాలి, మన మచ్చుకత్తి లాంటిది. అది మీ ఊరి కమ్మరి చేసినంత బాగా ఇక్కడ ఏ కంపెనీ వాడూ చెయ్యడు. లారీ కమాను కట్ట ముక్క ఇచ్చి చేయించుకో, అది స్ప్రింగు ఉక్కు, సరిగ్గా కాల్చి చల్లారిస్తే పుటుక్కున విరగదు. వాదర (పదునుండే అంచు) వైపు మాత్రమే గట్టిపడేలా కాల్చి చల్లార్చమని, వీపు వైపు మెత్తగా వదిలెయ్యమని చెప్పు. పనితనం తెలిసినవాడికి ఇది నువ్వు చెప్పక్కర్లేదు, అయినా చెప్పు.

మరి గడ్డికీ తీగలకీ పల్చటి కత్తి కూడా కావాలనుకుంటే ఆన్‌లైన్‌లో చూసుకో, కానీ బొమ్మలు చూసి మోసపోకు. వీపు మీద రంపం పళ్ళున్నవి, నల్ల రంగు కొట్టి సినిమా విలన్ చేతిలో ఉండేలా తయారుచేసినవి అస్సలు వద్దు. ఆ రంపం ఏదీ సరిగ్గా కొయ్యదు, పైగా కొన్ని ఒరల్ని లోపల్నుంచి గీరేస్తుంది. స్టెయిన్‌లెస్ కూడా వద్దు. తుప్పు పట్టదనే మాట నిజమే, కానీ చవక స్టెయిన్‌లెస్ పొడుగాటి అలుగైతే ఒక్క రాయి తగిలితే వాదర మడతపడుతుంది, లేదంటే పెచ్చు లేస్తుంది. మామూలు కార్బన్ ఉక్కే చూడు. 1075 అని రాసుంటే దాదాపు 0.75 శాతం కార్బన్ అన్నమాట, మషెటీకి అది చక్కగా సరిపోతుంది. అలుగు ఉక్కు పిడి చివరిదాకా వెళ్ళిందా, రివెట్లు ఉన్నాయా అన్నది తప్పకుండా చూడు. పిడిలోకి సన్నటి మేకులా దూరి ఆగిపోయినవి ఏదో ఒకరోజు అలుగు ఎగిరిపడేలా చేస్తాయి.

పొడవు ఎంతంటావా? నిటారుగా నిలబడి కత్తి పట్టుకుని చెయ్యి కిందకి వదిలెయ్, కొన నేలకి తగలకూడదు. నీ ఎత్తుకి 18 సరిపోతుంది, చెట్ల మధ్య ఇరుకుల్లోకి దూరి పని చేసేట్టయితే 14. పిడి చివర చిటికెన వేలి దగ్గర ముక్కులా వంగి ఉండాలి, చెమట పట్టిన చేతిలోంచి జారకుండా ఆపేది అదే. చెక్క పిడికి వార్నిష్ ఉంటే గరుకు కాగితంతో రుద్ది తీసేసి అవిసె నూనె పట్టించు, లేకపోతే మధ్యాహ్నానికల్లా బొబ్బలు. కొంతమంది పిడికి తాడు కట్టి మణికట్టుకి తగిలించుకుంటారు, నాకది నచ్చదు. కత్తి జారితే దూరంగా పడాలి గానీ తాడుకి వేలాడుతూ మన కాలి మీదకి తిరిగి రాకూడదు.

కొత్త మషెటీ కంపెనీ నుంచి మొద్దుగానే వస్తుంది, చూసి కంగారుపడకు. ఆకురాయి పెట్టి నువ్వే పదును చేసుకోవాలి. మోకు కట్టో, బల్లకి బిగించో అలుగుని కదలకుండా చెయ్యి, ఆకురాయిని ఒకే దిక్కుకి తొయ్, వెనక్కి లాగేటప్పుడు ఎత్తెయ్. ఇటు వైపు రుద్దగానే అటు వైపు వేలితో మెల్లగా తడిమితే సన్నటి గరుకు తగులుతుంది చూడు, అప్పుడు తిప్పి రెండో వైపు. ఆకురాయి ఉక్కుని కొరుకుతూ పొడి రాలుస్తుంటే కత్తి సరిగ్గా ఉన్నట్టు. గాజు మీద జారినట్టు జారిపోతుంటే మరీ గట్టిగా ఉందన్నమాట, అది రాయి తగిలితే పెచ్చులూడుతుంది. బ్లేడంత పదును పెట్టకు, కాస్త మందంగానే ఉంచు.

ఇక ఒర. అందరూ కత్తికి పదిసార్లు ఆలోచించి ఒరని మాత్రం ఫ్రీగా వచ్చినదానితో సరిపెడతారు. ఆ నైలాన్ సంచీలు నాకు పరమ చిరాకు. వాదర సరిగ్గా కుట్టు మీదే ఆనుతుంది, నాలుగు రోజులకి దారాలు తెగి కత్తి బయటికి తొంగిచూస్తుంది, అదీ నీ తొడ వైపుకి. కొనేముందు వేళ్ళు పెట్టి చూడు, లోపల గట్టి ప్లాస్టిక్ పట్టీ ఉండాలి. తోలు అందంగా ఉంటుంది, కాదనను, కానీ వాదర వచ్చే వైపు రెండు పొరల మధ్య ఇంకో తోలు పట్టీ పెట్టి కుట్టి రివెట్లు కొట్టినదైతేనే తీసుకో. పని అయ్యాక కత్తిని అందులో దాచకు, తోలు తేమని పట్టుకుని ఉక్కుకి తుప్పు ఎక్కిస్తుంది. తుడిచి, కొబ్బరి నూనె రాసి విడిగా వేలాడదియ్.

నన్నడిగితే నీకు బెస్టు పీవీసీ పైపే. బోరుకి వేసిన 63 మిల్లీమీటర్ల పైపు ముక్క ఎక్కడో పడుంటుంది, దాన్ని హీట్ గన్‌తో మెత్తబడేదాకా కాచి రెండు చెక్కల మధ్య నొక్కితే తొమ్మిదిన్నర సెంటీమీటర్ల వెడల్పు ఒర తయారు. ఆరుబయట చెయ్, మంటలో మాత్రం పెట్టకు, ఆ పొగ పీల్చకూడదు. కింద చివర ఒక చిల్లు పెట్టు, నీళ్ళూ మట్టీ జారిపోవడానికి. మూతి దగ్గర బటన్ ఉన్న పట్టీ ఒకటి బిగించు, వంగినప్పుడు కత్తి జారిపోకుండా.

ఇంకొక్కటి, ఇది మాత్రం సీరియస్. కత్తి దూసేటప్పుడు ఒరని గుప్పిట్లో పట్టుకోకు, వాదర వైపు వేళ్ళు రాకూడదు. ఒర చీలిపోయి ఉంటే ఆ వేళ్ళే పోతాయి. వీపు వైపు అరచేత్తో ఆనించి, కత్తిని కూడా వీపుకి ఒత్తి లాగు.

బైకు మీద ఊరేగింపుగా మాత్రం తీసుకెళ్ళకు. మన ఆయుధాల రూల్స్‌లో 9 అంగుళాల కన్నా పొడుగో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. కానీ రాత్రి పూట చెక్‌పోస్టు దగ్గర ఆ మినహాయింపు గురించి వాదించే పని నీకెందుకు? ఒరలో పెట్టి, గోనెసంచిలో చుట్టి, పారా పలుగుల పక్కన కారు డిక్కీలో పడెయ్.

వయ్యారిభామ కూడా ఉందన్నావు, దానికి కత్తి వద్దు, వాన పడ్డాక గ్లవ్స్ వేసుకుని పూత రాకముందే వేళ్ళతో సహా పీకించు. తుమ్మ కొట్టేటప్పుడు బూట్లు వేసుకో, ఆ ముల్లు చెప్పుల్లోంచి దిగుతుంది, మొదళ్ళని ఏటవాలుగా కాకుండా నేలకి దగ్గరగా, చదునుగా కొట్టించు. సంక్రాంతికి వస్తున్నా, కమ్మరి దగ్గరికి అప్పుడు కలిసే వెళ్దాం, ఆ కమాను కట్ట మాత్రం ఈలోపు ఏ మెకానిక్ షెడ్డులోనో చూసి పెట్టు. చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

నీ,
రఘు