గడప కన్నా ఎత్తైన గల్లీలు

సంపాదకులు గారికి,

పది రోజుల కింద మీ సిటీ పేజీలో బస్తీల సీసీ రోడ్లకు శంకుస్థాపన చేసిన వార్త వచ్చింది. కొబ్బరికాయ కొట్టిన ఫొటో ఉంది, నిధుల లెక్క ఉంది. పాత రోడ్డు తవ్వి వేస్తారా, దాని మీదే పోస్తారా అన్నది మాత్రం లేదు. బస్తీవాళ్లకు కావలసింది ఆ ఒక్క ముక్కే.

హైదరాబాద్ బస్తీల్లో నలభై, అరవై గజాల ఇళ్లకు గల్లీయే వాకిలి. అంట్లు తోమేది, బట్టలు ఆరేసేది, పెళ్లికి టెంటు వేసేది అక్కడే. తవ్వకుండా పోసిన ప్రతిసారీ ఆ గల్లీ నాలుగు నుంచి ఆరు అంగుళాలు లేస్తుంది. మూడుసార్లకు అడుగు పైమాటే. వానొస్తే వీధి నీళ్లన్నీ ఇంట్లోకే. గడపకు అడ్డంగా ఇటుకలు కడితే ముసలివాళ్లు దాటలేరు. ఇంట్లో మొరం పోసి నేల ఎత్తు చేసుకుంటే తల రేకులకు తగులుతుంది.

నల్లాల సంగతి మరీ ఘోరం. ప్రెషర్ చాలక చాలామంది గుంత తవ్వి అడుగున నల్లా పెట్టుకుంటారు. రోడ్డు లేచేకొద్దీ గుంత లోతై మురుగు చేరుతుంది. సరఫరా ఆగాక ఖాళీ అయిన పైపు ఆ మురికిని లోపలికి లాక్కుంటుంది, మోటారు బిగిస్తే ఇంకా ఎక్కువ. మర్నాడు ముందుగా వచ్చేవి ఆ నీళ్లే. పిల్లలకు వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే తప్పు ఎవరిది?

ముందు మురుగు, మంచినీటి పైపులు మార్చాలి. పాత కాంక్రీటు పగలగొట్టి ఎత్తేయాలి. గల్లీలో అన్నిటికన్నా పల్లంలో ఉన్న గడపకు అర అడుగు దిగువన కొత్తది పోయాలి, నీళ్లు నిలవకుండా వాటం చూడాలి. కాంక్రీటు పనులకు దేశమంతా పాటించే ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం పోసిన కాంక్రీటును మామూలు సిమెంటుకైతే కనీసం 7 రోజులు, పీపీసీకి (బూడిద లాంటివి కలిపిన సిమెంటుకు) 10 రోజులు తడపాలి. రెండో రోజే ఆటోలు తిరిగితే పైపొర పొడై లేచిపోతుంది. మళ్లీ రోడ్డు, మళ్లీ బిల్లు.

రోడ్డు ఒక శాఖది, పైపు ఇంకో శాఖది. కాంక్రీటు గట్టిపడకముందే పైపులవాళ్లు నడిమధ్యన కోసి, మట్టి కప్పి పోతారు. 1967లోనే పట్టణ సముదాయ అభివృద్ధి పథకం మొదలైన నగరమిది, బస్తీవాళ్లతో కూర్చుని పనులు ఎంచుకునే పద్ధతి మనకు కొత్త కాదు. ఇప్పుడు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) టేపు పట్టుకుని గల్లీలోకి రావడమే గగనమైంది.

ప్రతి ఎస్టిమేట్‌లో ఎన్ని అంగుళాలు తవ్వాలో రాయాలి. పనికి ముందూ తర్వాతా గడపల ఎత్తు కొలిచి, ఆ ఇళ్లవాళ్ల సంతకాలు తీసుకున్నాకే బిల్లు పాస్ చేయాలి. ఈ రోడ్లు పూర్తయ్యాక మీ విలేకరిని కూడా టేపుతో పంపి ఆ కొలతలు అచ్చు వేయమని మనవి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్