అయిదు రోజులు షట్టర్ ఎందుకు దించానంటే

పోయిన బుధవారం నుంచి ఆదివారం దాకా నా పటాలు కట్టే షాపు షట్టర్ మీద ‘సొంత పని మీద వెళ్తున్నాను’ అని కాగితం అంటించి వెళ్లాను. ఇంట్లో ఎవరికైనా బాగాలేదేమోనని కొందరు కంగారుపడి ఫోన్ చేశారు. ఎవరికీ ఏమీ కాలేదండి. ఫిల్మ్ ఫెస్టివల్లో వాలంటీరుగా పనిచేశాను. సినిమాల కోసం షాపు మూశానని రాయడానికి మొహమాటం అడ్డొచ్చింది, అంతే.

ముందు బాకీ లెక్క చెప్పేస్తాను. మొత్తం 11 పటాలు ఆలస్యమయ్యాయి. 7 సిద్ధంగా ఉన్నాయి. 2 శనివారం ఇస్తాను. పెద్ద గ్రూప్ ఫొటోకి సరిపడా బీడింగ్, అంటే ఫ్రేము కట్టే పట్టీ, ఇంకా రాలేదు, వచ్చేదాకా దానికి తేదీ చెప్పను. ఇక రిటైర్మెంట్ సభకి కావాలన్న పటం అందకపోవడంతో, వాళ్లు ఉత్త ఫొటోనే చేతికివ్వాల్సి వచ్చింది. దానికి నేను చెప్పుకోగలిగింది ఏమీ లేదు. డబ్బు తిరిగి ఇచ్చేశాను, పటం కూడా కట్టి ఇస్తాను.

వాలంటీరంటే రోజంతా ఫ్రీగా సినిమాలు చూడొచ్చు అనుకునే వెళ్లాను. అయిదు రోజుల్లో మొదటినుంచి చివరిదాకా చూసినవి రెండే. మిగతా టైమంతా తలుపు దగ్గర, చేతిలో లెక్కపెట్టే క్లిక్కర్‌తో నిలబడటమే. ఫెస్టివల్లో పాసులు సీట్లకన్నా ఎక్కువే ఇస్తారు, అందరూ అన్ని సినిమాలకీ రారు కాబట్టి. ఏదో ఒకదానికి మాత్రం అందరూ వచ్చేస్తారు. మా హాల్లో సీట్లు 180. లైన్లో మనుషుల్ని లెక్కపెట్టి, 180వ మనిషి దగ్గర ఆగి, ‘ఇక్కడిదాకా సీటు ఖాయం, ఆ తర్వాత నమ్మకం లేదు’ అని మొహం మీదే చెప్పాలి. నా పని అదీ.

మొదటి రోజు నోరు రాలేదు. షాపులో పడిపోయిన అలవాటు కదా, వెనకున్న ప్రతివాళ్లకీ ‘చూద్దామండీ, దొరకొచ్చు’ అంటూ పోయాను. దాదాపు 40 మంది గంటసేపు నిలబడి తిరిగి వెళ్లారు. వాళ్లలో ఒకావిడ, ‘ఈ ముక్క ముందే చెబితే పక్క హాల్లో సినిమాకి వెళ్లేదాన్ని కదండీ’ అంది. అరవలేదు, మామూలుగానే అంది. నా దగ్గర ‘రేపు రండి’ అనిపించుకుని మూడుసార్లు తిరిగినవాళ్లంతా వరసగా గుర్తొచ్చారు.

మూడో రోజు ఇంకో తమాషా. ఇప్పుడు సినిమా రీళ్లలో రావడం అరుదు. డీసీపీ అని, హార్డ్ డిస్కులో ఫైళ్లుగా వస్తుంది. చాలావాటికి తాళం వేసి పంపుతారు. దాని తాళంచెవిని కేడీఎం అంటారు. అది కూడా ఫైలే. ఏ హాలు సర్వర్ (సినిమా ఆడించే కంప్యూటర్) పేరున ఇచ్చారో ఆ ఒక్కదానికే, పంపినవాళ్లు పెట్టిన తేదీ, గంటల మధ్యలోనే అది పనిచేస్తుంది. ఆ రోజు చివరి నిమిషంలో హాలు మార్చారు, తాళంచెవి మాత్రం పాత హాలు సర్వర్‌కే ఉంది. సినిమా ఉంది, ప్రొజెక్టర్ ఉంది, జనం కూర్చున్నారు, తెర మాత్రం తెల్లగా ఉంది. కొత్తది వచ్చేసరికి 50 నిమిషాలు పట్టింది. ఈసారి నేను ‘అయిపోతుందండీ’ అనలేదు. ‘ఎప్పుడు మొదలవుతుందో తెలియదు, పది నిమిషాలకోసారి వచ్చి చెబుతాను’ అన్నాను, అలాగే వెళ్లి చెప్పాను. కొందరు లేచి వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు ఒక్క మాట అనలేదు. నాకే ఆశ్చర్యమేసింది.

నా పనితనం పనికొచ్చిన సందర్భం కూడా ఒకటుంది, గొప్పకి చెప్పుకుంటున్నాననుకోండి. ట్రయల్ వేసేటప్పుడు బొమ్మలో మనుషుల తలలు పైన తెగుతున్నాయి, కింద సబ్‌టైటిళ్లు సగమే కనిపిస్తున్నాయి. పటాలు కట్టేవాడి కన్ను ముందు అంచుల మీదకే పోతుంది. చెప్పాను. 1.85 కొలతలో (ఎత్తుకి 1.85 రెట్లు వెడల్పు) తీసిన సినిమాని ఇంకా వెడల్పైన 2.39 సెట్టింగులో పెట్టారట. వెడల్పు నిండటానికి బొమ్మని పెద్దది చేస్తే పైనా కిందా కోత పడుతుంది. ఫొటో కొలత చూడకుండా దాని చుట్టూ పెట్టే మౌంట్ బోర్డు కోసేస్తే జరిగేదీ ఇదే, కొత్తలో నేనూ చేశాను.

ఇక మన షాపు సంగతి. ఈ వారం నుంచి ప్రతి రసీదు మీదా ఇచ్చే తేదీ రాస్తాను. ఆ తేదీకి అవదని తెలిస్తే ముందురోజు సాయంత్రమే నేను ఫోన్ చేస్తాను, మీరు చేయక్కర్లేదు. మీకు కావలసిన రోజుకి ఇవ్వలేననుకుంటే ఆర్డరే తీసుకోను. దీనివల్ల కొంత పని పోతుంది, తెలుసు.

వచ్చే ఏడాది కూడా ఫెస్టివల్‌కి వెళ్తాను. ఈసారి నెల ముందే, అసలు కారణం రాసి బోర్డు పెడతాను.

సిద్ధమైన 7 పటాలూ కౌంటర్ పక్కనే గోడకి ఆనించి ఉన్నాయి. రసీదు పోయినా ఫర్వాలేదు, ఫొటోలో ఎవరున్నారో చెప్పండి చాలు.