ఎర్రగా కాల్చి ముంచడంతో పని అయిపోదు

సంపాదకులకు నమస్కారం.

పనిముట్ల తయారీపై చిట్కాలు రాసేవాళ్లలో చాలామంది "ఉక్కును ఎర్రగా కాల్చి చల్లటి నీళ్లలో ముంచండి, గట్టిపడుతుంది" అని అక్కడితో ఆపేస్తున్నారు. అలా చేసిన ఉలి తొలి దెబ్బకే విరగొచ్చు, ఆ ముక్క ఎగిరి కంట్లో పడొచ్చు. ముంచాక చేయాల్సిన టెంపరింగ్ (గట్టిపడ్డ ఉక్కును మళ్లీ తక్కువ వేడికి కాచి పెళుసుదనం తగ్గించడం) గురించి రాయలేనప్పుడు అసలు ఆ చిట్కా వేయకండి.

ముందు ఉక్కు ఏదో తెలియాలి. కార్బన్ 0.25 శాతం లోపు ఉండే మైల్డ్ స్టీలును ఎంత కాల్చి ముంచినా పనిముట్టుకు కావలసిన గట్టిదనం రాదు. 0.8 నుంచి 1 శాతం దాకా ఉన్న సాదా కార్బన్ ఉక్కుకు సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడి చాలు. కొలిమికి మీటర్ లేకపోతే అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. దాదాపు 770 డిగ్రీల దగ్గర ఉక్కు దానికి అంటుకోదు. అక్కడి నుంచి ఇంకొంచెం కాగనిచ్చి, రంగు అంతటా ఒకేలా వచ్చాక ముంచాలి. ఈ పని నీడలోనే చేయాలి. ఎండలో రంగు తెలియక మాడ్చేస్తారు. మాడితే లోపలి రేణువులు లావెక్కుతాయి. విరిచి చూస్తే పంచదార పలుకుల్లా మెరుస్తుంది.

నీళ్లు అన్ని రకాలకూ నప్పవు. నూనెలో గట్టిపడే రకాన్ని నీళ్లలో వేస్తే, సన్నని అంచూ మందమైన వెన్నూ వేర్వేరు వేగాలతో చల్లారి 'టిక్'మని పగులుతుంది. నూనెను 50–60 డిగ్రీలకు వెచ్చబెట్టండి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది. అర కిలో ముక్కకు నాలుగు లీటర్లయినా ఉండాలి. అంత ఉన్నా నూనె మరో 30 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. ముక్కను నిటారుగా దించి, పైకీ కిందకీ ఆడించాలి. పక్కలకు ఊపితే ఒక వైపు ముందుగా చల్లారి వంకర పోతుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు. దాని పొగ హానికరం. అడుగున నీరు చేరి ఉంటే అది ఆవిరై వేడి నూనెను పైకి చిమ్ముతుంది. మంట లేస్తే ఆర్పడానికి ఇనప మూత చేతికందేలా ఉండాలి. నూనె మంట మీద నీళ్లు పోయకూడదు.

తీశాక ఆకురాయితో గీయండి. జారితే గట్టిపడినట్టే. కోస్తే ఇంకా పనికిరాదని పారేయకండి, పైపొరలో కార్బన్ కాలిపోయి ఉండొచ్చు. కాస్త అరగదీసి మళ్లీ గీసి చూడండి.

గట్టిపడ్డ ముక్కను మర్నాటికి వాయిదా వేయకూడదు. అది లోపల బిగుసుకుని ఉంటుంది, ఊరికే పెట్టినా పగలొచ్చు. చేత్తో పట్టుకోగలిగేంత చల్లారగానే టెంపరింగ్ మొదలుపెట్టాలి. కత్తికి 200–220 డిగ్రీలు, గంట చొప్పున రెండుసార్లు. సుత్తితో కొట్టే ఉలి అంచుకు 260–280. రంగు చూసి చేసేవాళ్లు ముందు ఒక ముఖాన్ని మెరిసేలా రుద్దుకోవాలి: లేత పసుపు కత్తికి, గోధుమ నుంచి ఊదా ఉలికి, నీలం స్ప్రింగుకు. ఆ రంగు పైన పట్టే సన్నని ఆక్సైడ్ పొరది. తక్కువ వేడిలోనే ఎక్కువసేపు ఉంచినా ముదురుతుంది కనుక వీలైతే ఓవెనూ థర్మామీటరూ వాడండి.

ఉలిలో సుత్తి దెబ్బ పడే తలను అసలు గట్టిపరచకూడదు. అంచు వైపు మాత్రమే కాల్చి ముంచాలి. తల మెత్తగానే ఉండి, వాడకంలో పుట్టగొడుగులా విచ్చుకున్నప్పుడల్లా ఆ అంచుల్ని గ్రైండ్ చేసేయాలి.

ఇట్లు,
ఒక హీట్ ట్రీట్‌మెంట్ మేస్త్రి